వ్యాన్ పడితే చాలదు, ర్యాంప్ పట్టాలి: సందర్శన స్థలాల్లో వీల్‌చైర్ వ్యాన్ పార్కింగ్ గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారి కోసం పక్క తలుపు నుంచి ర్యాంప్ దిగే వ్యాన్ కొత్తగా తీసుకున్నారు. మొదటిసారి ఒక మ్యూజియానికి వెళ్లి వీల్‌చైర్ గుర్తు ఉన్న చోటే ఆపారు. అంతా చూసి తిరిగొచ్చేసరికి, పక్కన చారలు గీసి వదిలిన ఖాళీలో ఎవరో కారు పెట్టేసి పోయారు. తలుపు తెరుచుకుంటోంది గానీ ర్యాంప్ దిగే చోటు లేదు. గంటన్నర ఎండలో నిలబడ్డారు. వచ్చే నెల కొండ మీద కోట చూడాలని నాన్నగారి కోరిక, మీకేమో ఇప్పటినుంచే టెన్షన్. వెనక తలుపు వ్యాన్ తీసుకుని ఉంటే బాగుండేదా అని కూడా అడిగారు.

మా అక్కను పదకొండేళ్లుగా నేనే తిప్పుతున్నాను. ఆమెది బ్యాటరీ కుర్చీ, మనిషితో కలిపితే రెండు వందల కిలోలకు తక్కువ ఉండదు. అంటే నలుగురం పట్టి ఎత్తేద్దాం అనే మాటే లేదు. మొదట వెనక ర్యాంప్ వ్యాన్ ఉండేది, ఇప్పుడు పక్క ర్యాంప్ వ్యాన్. రెండింటితోనూ ఇరుక్కున్నాను కాబట్టి రెండింటి సంగతీ చెప్పగలను.

ముందుగా ఒక మాట. ఆ రోజు మీరు చేసిన తప్పేమీ లేదు. కానీ అది మళ్లీ జరగకుండా ఉండాలంటే "వీల్‌చైర్ పార్కింగ్ ఉందా" అని అడగడం మానేయాలి. ఆ ప్రశ్నకు ప్రతిచోటా "ఉంది సార్" అనే సమాధానం వస్తుంది. వాళ్ల దృష్టిలో నేల మీద నీలం రంగు, కుర్చీ బొమ్మ ఉంటే ఉన్నట్టే. మనకు కావలసింది బొమ్మ కాదు, బొమ్మ పక్కన ఖాళీ.

ఆ ఖాళీ ఎంత కావాలో ఒకసారి టేపు పెట్టి కొలవండి. మా వ్యాన్ వెడల్పు ఆరున్నర అడుగులు. ర్యాంప్ బయటికి వచ్చేది అయిదడుగుల దాకా. ర్యాంప్ చివర నుంచి కుర్చీ పూర్తిగా నేల మీదికి దిగి పక్కకు తిరగాలంటే ఇంకో నాలుగు అడుగులు. అన్నీ కలిపితే పదిహేనున్నర. మీ వ్యాన్‌లో ఓ అరడుగు అటూ ఇటూ ఉండొచ్చు, అంతే. కొత్తవాళ్లు తరచుగా మర్చిపోయేది ఆ చివరి నాలుగు అడుగులే. ర్యాంప్ చక్కగా నేలకు ఆనుతుంది, ఎదురుగా పక్క కారు తలుపు. ర్యాంప్ దిగింది, కుర్చీ దిగదు.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2010 ప్రమాణాలు ఈ లెక్కను బాగా పట్టుకున్నాయి. అక్కడ వ్యాన్‌కు రెండు పద్ధతులు. 11 అడుగుల గడి, అంటే బండి ఆపే చోటు, పక్కన 5 అడుగుల చారల దారి. లేదా 8 అడుగుల గడి, 8 అడుగుల చారల దారి. ఏదైనా మొత్తం 16 అడుగులే. బ్రిటన్‌లో మామూలుగా గీసే గడి 2.4 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు, అంటే మొత్తం 12 అడుగులు కూడా లేదు. భారత జాతీయ భవన నియమావళి చెప్పే కనీస వెడల్పు 3.6 మీటర్లు, అదీ దాదాపు 12 అడుగులే. కారు తలుపు బార్లా తెరిచి కుర్చీలోకి జరిగేవారికి అది సరిపోతుంది. పక్క ర్యాంప్ వ్యాన్‌కు మాత్రం రూల్ ప్రకారం గీసిన గడి కూడా చాలకపోవచ్చు. గీసినవాళ్ల తప్పు కాదు, వాళ్లు కారును ఊహించుకుని గీశారు.

అందుకే నేను 12 అడుగుల గడి కనిపిస్తే ర్యాంప్ లేని వైపు గీతను దాదాపు తొక్కేంత దగ్గరగా వ్యాన్ పెడతాను. గడి మధ్యలో బుద్ధిగా ఆపితే ఆ వైపు రెండున్నర అడుగులు వృథా. గీతకు ఆనించి ఆపితే ఆ జాగా అంతా ర్యాంప్ వైపు కలుస్తుంది. అమెరికా వాళ్ల 11 అడుగుల గడి వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. పైగా చారల దారి అయిదడుగులే ఉంటే ఇంకో కారు అక్కడ దూరాలని ఆశపడదు. ఎనిమిది అడుగుల చారల దారి మాత్రం చూసేవాడికి అచ్చం ఖాళీ పార్కింగ్‌లా కనిపిస్తుంది. మీ మ్యూజియం దగ్గర జరిగింది అదే అయ్యుంటుంది.

ఇంకోటి, చారలు ఏ పక్కన ఉన్నాయి అన్నది. మన ర్యాంప్ ఒక వైపే దిగుతుంది. ముందుకు దూర్చితే చారలు తప్పు వైపు పడితే, రివర్స్‌లో పెడితే సరైన వైపు వస్తాయి. చిన్న విషయమే, కానీ వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతుంటే బుర్ర పనిచేయదు. ఏటవాలుగా గీసిన గడుల్లో ఈ తిప్పుడు కూడా కుదరదు, దూరాల్సింది ఒకే దిక్కు నుంచి కాబట్టి. అమెరికా ప్రమాణాల్లో ఏటవాలు వ్యాన్ గడికి చారల దారి ప్రయాణికుడి వైపే ఉండాలని ప్రత్యేకంగా రాశారు. రాసినవాళ్లలో ఎవరో ఒకరు ఈ బాధ పడే ఉంటారని అక్క అంటుంది.

వెనక ర్యాంప్ వ్యాన్ సంగతి. ఉంటే బాగుండేది అని బాధపడకండి. దానికి పక్కన జాగా అక్కర్లేదు, ఏ గడిలోనైనా దూరుతుంది, ఇది నిజం. కానీ ర్యాంప్, దాని వెనక కుర్చీ, రెండూ కార్లు తిరిగే దారిలోకి వస్తాయి. రద్దీ రోజుల్లో గడి కోసం వెతుక్కుంటూ వచ్చే డ్రైవర్ కళ్లు ఖాళీల మీద ఉంటాయి గానీ, కుర్చీలో కూర్చున్న మనిషి ఎత్తులో ఉండవు. నేను ప్రతిసారీ వెనక ట్రాఫిక్ పోలీసులా చేతులు చాపి నిలబడేవాణ్ని. రోడ్డు పక్కన వరసగా ఆపే చోట అయితే మరీ కష్టం. వెనక పది అడుగులు వదిలి ఆపితే, వచ్చేసరికి ఆ పది అడుగుల్లో ఎవరిదో చిన్న కారు. పక్క ర్యాంప్ అయితే అలాంటి చోట ఫుట్‌పాత్ మీదికే దిగిపోతుంది, అది రాజభోగం. ఎందుకో చెబుతాను. వ్యాన్ నేల పదకొండు అంగుళాల ఎత్తులో ఉందనుకుంటే, అయిదడుగుల ర్యాంప్ దాదాపు అయిదుకు ఒకటి వాలుతో దిగుతుంది. ఆరంగుళాల ఎత్తు ఫుట్‌పాత్ మీదికి దింపితే ఆ వాలు సగానికి పైగా తగ్గిపోతుంది.

వాలు మాట వచ్చింది కాబట్టి. సందర్శన స్థలాలు కొండల మీద, నది ఒడ్డున, సముద్రం పక్కన ఉంటాయి. పార్కింగ్ కూడా అలాగే వాలుతుంది. ర్యాంప్ పల్లం వైపు దిగితే జారుడుబల్లే. మెరక వైపు దిగేలా వ్యాన్ తిప్పి పెట్టుకోండి. అమెరికా ప్రమాణం గడిలో 48 అడుగులకు ఒక అడుగు మించి వాలు ఉండకూడదంటుంది, అంటే కంటికి చదునుగానే కనిపించాలి. కొండ మీది కోట దగ్గర అంత చదును దొరకదు, కనీసం ఏ దిక్కున ఆపితే నయమో దిగి చూసుకోండి. మా అక్క మాత్రం నీళ్ల సీసా నేల మీద పడుకోబెట్టమంటుంది. ఎటు దొర్లితే అటు పల్లం. మొదట నవ్వాను, ఇప్పుడు నేనే సీసా తీస్తున్నాను.

కంకర, గడ్డి, ఇసుక. రద్దీ రోజుల్లో "అటు ఖాళీ ఉంది, అక్కడ పెట్టుకోండి" అని చూపించే మైదానం ఈ మూడింట్లో ఏదో ఒకటి. ముందు చిన్న చక్రాలు అందులో దిగబడిపోతాయి. చేత్తో నెట్టే కుర్చీ అయితే వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కెళ్లొచ్చు. బ్యాటరీ కుర్చీకి ఆ వీలు లేదు. వ్యాన్‌లో రెండు ప్లైవుడ్ పలకలు వేసుకోండి, ర్యాంప్ చివర పరవడానికి. అవి పది అడుగుల దాకా పనికొస్తాయి. గేటు రెండు వందల గజాల దూరంలో ఉంటే ఆ మైదానానికి ఒప్పుకోకండి.

ఎత్తు. చిన్న వ్యాన్ అయితే ఈ పేరా వదిలేయండి. పైకప్పు ఎత్తు పెంచిన పెద్ద వ్యాన్ అయితే మాత్రం దాని ఎత్తు స్టీరింగ్ దగ్గర కాగితం మీద రాసి అంటించుకోండి, పైన ఉన్న ఏసీ డబ్బా, లగేజీ క్యారియర్‌తో సహా. అమెరికాలో వ్యాన్ గడికీ, అక్కడికి వెళ్లే దారికీ 98 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలని రూల్. కానీ చాలా అంతస్తుల పార్కింగులు ఏడడుగుల దగ్గరే బార్ కట్టేస్తాయి. బీచ్‌ల దగ్గర రాత్రి మకాం వేసే బళ్లను ఆపడానికి ఇనుప కమ్మీ అడ్డంగా పెడతారు, లోపల వీల్‌చైర్ గడులు ఖాళీగా మనల్ని చూస్తుంటాయి. అలాంటి చోట బస్సుల పార్కింగ్‌లో ఆపనిస్తారేమో అడగండి. పెద్ద వ్యాన్‌కు నాకు చాలాసార్లు ఒప్పుకున్నారు.

ఇప్పుడు అసలైన పని, ఫోన్. వెళ్లేముందు రోజు కాదు, ఓ వారం ముందు చేయండి. టికెట్ కౌంటర్ మనిషికి పార్కింగ్ సంగతి తెలియదు. సెక్యూరిటీ లేదా పార్కింగ్ చూసేవాళ్లను లైన్‌లోకి ఇమ్మనండి. "మాది పక్క నుంచి ర్యాంప్ దిగే వ్యాన్, ఆపాక పక్కన తొమ్మిది అడుగుల ఖాళీ కావాలి, అలాంటి చోటు ఎక్కడుంది" అని అడగండి. అంకె చెబితే మనిషి ఆలోచనలో పడతాడు, "చూసి చెబుతాను" అంటాడు. ఆ మాట "ఉంది సార్" కంటే వంద రెట్లు మేలు. తర్వాత అక్కడినుంచి గేటుకు దారి ఎలాంటిది, మెట్లున్నాయా, రాళ్లు పరిచారా అని అడగండి. దూరంగా ఆపి చిన్న బస్సులో తీసుకెళ్లే చోటైతే ఆ బస్సులోకి కుర్చీ ఎక్కుతుందా అన్నది తప్పక అడగాలి. కింద పార్కింగ్ బ్రహ్మాండంగా ఉండి, పైకి వెళ్లే బస్సుకు మూడు మెట్లున్న చోటి నుంచి మేం వెనక్కి వచ్చాం. ఆ రోజంతా అక్క మాట్లాడలేదు. మాట్లాడిన వాళ్ల పేరు, రోజు, టైము రాసుకోండి. గేటు దగ్గర "అలా ఎవరు చెప్పారు" అన్నప్పుడు ఆ పేరే మనకు టికెట్.

ఫోన్‌కు ముందు ఉపగ్రహ చిత్రం చూడండి. చారల గీతలు పైనుంచి బాగా కనిపిస్తాయి. ఎన్ని గడులున్నాయో, ఏ పక్కన చారలో, గేటుకు ఎంత దూరమో కూర్చున్నచోటే తెలిసిపోతుంది. చిత్రం పాతదై ఉండొచ్చు కాబట్టి జనం పెట్టిన కొత్త ఫొటోల్లో వెనక కనిపించే నేలను చూడండి. పెళ్లి ఫొటోలో వెనక ఉన్న ర్యాంప్ చూసి ఒక రాజభవనానికి దారి కనిపెట్టాను నేను.

కోట విషయంలో మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వెనక గేటు గురించి. ఎంత పాత కట్టడమైనా సాధారణంగా లోపలికి రోజూ ఏదో ఒక బండి వెళుతూనే ఉంటుంది. నీళ్ల ట్యాంకర్, చెత్త బండి, క్యాంటీన్ సామాను, మరమ్మతుల రాళ్లు. అవసరమైతే అంబులెన్స్ వెళ్లాలి. ఆ బండ్లు వెళ్లే దారిలో మెట్లుండవు. "సామాను బండి ఏ గేటు నుంచి వస్తుంది, మమ్మల్ని అక్కడ దింపనిస్తారా" అని అడగండి. పురాతన కట్టడం కాబట్టి మార్పులు చేయలేం అనేవాళ్లు కూడా, ఉన్న గేటు తెరవడానికి ఎక్కువసార్లు ఒప్పుకుంటారు. ముందుగా అడిగితేనే. అప్పటికప్పుడు గేటు దగ్గర అడిగితే తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

గేటు దగ్గర దింపి, వ్యాన్ దూరంగా పెట్టి రావడం మంచి ఉపాయమే. ఒక చిక్కుంది. కుర్చీకి నాలుగు వైపులా కట్టిన బెల్టులు విప్పి, ర్యాంప్ దింపి, మనిషిని దించేసరికి పది నిమిషాలు. దింపే చోట సెక్యూరిటీ రెండు నిమిషాలకే విజిల్ ఊదుతాడు. అందుకే బండి ఆగీ ఆగగానే నేను ముందు ర్యాంప్ తెరుస్తాను, తర్వాతే బెల్టులు విప్పుతాను. తెరిచిన ర్యాంప్ చూశాక ఎవడూ విజిల్ ఊదడు. నాన్నగారు ఒంటరిగా ఓ పావుగంట కూర్చోగలరా అన్నది మీరే చెప్పాలి. కూర్చోలేకపోతే మూడో మనిషి లేకుండా ఈ పద్ధతి వద్దు.

టైము గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తెరిచే వేళకు వెళ్లండి. ఎందుకంటే గడులు చాలా తక్కువ. అమెరికా లెక్కలోనే 500 బండ్ల పార్కింగ్‌కు వీల్‌చైర్ గడులు 9, అందులో వ్యాన్‌కు తగ్గవి 2. ప్రతి ఆరు వీల్‌చైర్ గడులకు కనీసం ఒకటి వ్యాన్ గడి ఉండాలని రూల్, దాని ప్రకారం అంతే వస్తుంది. పండగ రోజున రెండు గడులు ఎంతసేపు ఖాళీగా ఉంటాయి?

ఇక మీకు జరిగినది, అంటే వచ్చేటప్పుడు ఇరుక్కోవడం. నిజానికి వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే మన పని ప్రమాదం, ఎందుకంటే నాలుగు గంటలు ఆ ఖాళీకి కాపలా లేదు. నేను మూడు పనులు చేస్తాను. తలుపు మీద పెద్ద అక్షరాలతో "ర్యాంప్ దిగుతుంది, 9 అడుగులు వదలండి" అని స్టిక్కర్ ఉంది, దాన్ని కొందరు చదువుతారు. పార్కింగ్ చూసే మనిషిని అడిగి, చారల మధ్య ఒక మడత కోన్ పెడతాను. అడక్కుండా పెడితే తీసేస్తారు, కొన్నిచోట్ల అలా పెట్టడం తప్పు కూడా. అన్నిటికంటే పనిచేసేది మూడోది. ఆ మనిషిని పిలిచి ఒకసారి ర్యాంప్ దింపి చూపిస్తాను. "అన్నా, ఇది ఇంత దూరం వస్తుంది, ఇక్కడ బైక్ పెట్టినా మా అక్క ఇంటికి రాలేదు" అంటాను. కళ్లతో చూసినవాడు మన ఖాళీని తన సొంత జాగాలా కాపాడతాడు. బైక్ అన్నానని నవ్వకండి, కార్లు ఆగుతాయేమో గానీ బైకులకు చారలు కనబడవు.

అయినా ఇరుక్కుంటే? మీతో వ్యాన్ నడిపే మనిషి ఉన్నారు కాబట్టి గంటన్నర ఆగాల్సిన పని లేదు. నాన్నగారిని నీడలో, కార్ల దారికి దూరంగా ఉంచి, వ్యాన్‌ను బయటికి తీసి చదునుగా, వెడల్పుగా ఉన్న చోట ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, సెక్యూరిటీ మనిషిని వెనక నిలబెట్టి అక్కడ ఎక్కించండి. ఆ కారు నంబర్‌తో ఫొటో తీసి, ఆఫీసులో ఇచ్చి మైకులో పిలిపించండి. ఎదుటివాడి టైరు గాలి తీయాలని అనిపిస్తుంది. తీస్తే ఆ కారు ఇంకా ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. స్వయంగా వ్యాన్ నడుపుకునే వీల్‌చైర్ మనుషులకు మాత్రం ఈ దారి లేదు, వాళ్లు నిజంగా బందీలే. అందుకే అలాంటి మిత్రులు వ్యాన్‌ను చివరి గడిలో, పక్కన గోడో గట్టో ఉండి ఎవరూ దూరలేని చోట పెడతారు. అలాంటి చివరి గడి కనిపిస్తే, గేటుకు కాస్త దూరమైనా, మీరూ అదే పట్టండి.

ఒక హెచ్చరిక కూడా. వీల్‌చైర్ గడిలో నుంచి ఎవరైనా నడుచుకుంటూ దిగితే వెంటనే మీద పడకండి. గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు, ఇవేవీ బయటికి కనిపించవు. చాలా దేశాల్లో ఈ గడుల్లో ఆపే పర్మిట్ మనిషికి ఇస్తారు, బండికి కాదు. ఒకసారి నేను గట్టిగా మాట్లాడిన ఆయన కృత్రిమ కాలు చూపించాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలాంటివారికి గేటుకు దగ్గరగా చోటు కావాలి, మనకు వెడల్పు కావాలి. పర్మిట్ ఉన్నవారిని మర్యాదగా అడిగితే మామూలు వీల్‌చైర్ గడికి మారి, వ్యాన్ గడి మనకు వదిలినవాళ్లు ఉన్నారు. పర్మిట్ కార్డు నాన్నగారి పేరిట ఉంటే ఆయన వెంట లేనప్పుడు మీరు వాడకండి, మనమే ఆ పని చేస్తే ఇంకొకరిని అడిగే నోరు ఉండదు. ఇతర దేశానికి వెళ్తే ఆ కార్డు చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో 1998 సిఫారసు తర్వాత ఒకే నమూనా నీలం కార్డు వచ్చింది గానీ, ఎంతసేపు ఆపొచ్చు, ఎక్కడ ఉచితం అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఆ మ్యూజియానికి ఉత్తరం రాయండి. కోపం తర్వాత, కొలతలు ముందు. చారల వెడల్పు ఇంత, మా ర్యాంప్‌కు కావలసింది ఇంత, ఫలానా రోజు ఫలానా టైముకు తీసిన ఫొటో ఇది, అక్కడ రెండు వంగే స్తంభాలు పెడితే కార్లు దూరవు, కుర్చీ దూరుతుంది. ఇలా రాసినప్పుడు నాకు రెండు చోట్ల పని జరిగింది. ఒకచోట స్తంభాలు, ఇంకోచోట తాజాగా రంగు, దాని మీద "ఆపరాదు" అన్న అక్షరాలు. ఆవేశంగా రాసిన నాలుగు పేజీల ఉత్తరానికి మాత్రం "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఒక లైను వచ్చింది.

కోటకు వెళ్లేముందు ఏదైనా ఖాళీ మైదానంలో ర్యాంప్ తెరిచి నాన్నగారిని ఒకసారి దింపి, ఎక్కించి, ఎన్ని అడుగులు పట్టిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి, కోట వాళ్లకు ఫోన్‌లో ఏం అడగాలో ఇద్దరం కలిసి రాసుకుందాం.